మన ఒంట్లో నుండి తీసినది ఎవరి సొత్తు?



క్రిందటి నెలలో మన ల్యాబ్ కిటికీ దగ్గర ఒక పెద్దాయన రక్తం ఇచ్చి, దూది నొక్కుకుంటూ నన్ను అడిగారు: "సిస్టరమ్మా, పరీక్షకి చుక్కో రెండు చుక్కలో చాలు గదా. మిగతా నెత్తురంతా ఏం చేస్తారు? ఎక్కడన్నా అమ్ముతారా?" వరుసలో ఉన్నవాళ్ళు నవ్వారు. ల్యాబ్ అబ్బాయి కూడా నవ్వాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఎందుకో తరువాత చెబుతాను.

ముందు ఆయన ప్రశ్నకు జవాబు. మామూలుగా పరీక్షకు తీసిన రక్తం, రిపోర్టులో అనుమానం వస్తే మళ్ళీ చూడటానికని కొద్దికాలం ఫ్రిజ్‌లో ఉంటుంది. ఆ తరువాత దానిలోని క్రిములు చచ్చేలా శుద్ధి చేసి, 2016లో వచ్చిన ఆసుపత్రి వ్యర్థాల నిబంధనల ప్రకారం పంపేస్తాము. కాన్పులో వచ్చిన మాయ, ఆపరేషన్‌లో తీసిన భాగాలు పసుపు సంచిలోకి వెళ్తాయి. అక్కడ నుండి కాల్చివేతకు. బయాప్సీ ముక్క సంగతి వేరు. దానిని మైనంలో బిగించి దాస్తారు. క్యాన్సర్ తిరగబెడితే ఆ పాత ముక్కనే మళ్ళీ చూడవలసి వస్తుంది. ఇదంతా రోగి మేలు కోసమే.

అయితే పెద్దాయన అడిగినది వెర్రి ప్రశ్న కాదు. మనిషి రక్తానికి, కణాలకు, కండ ముక్కలకు ఈ రోజు ప్రపంచంలో పెద్ద వ్యాపారమే ఉన్నది. ఒక జబ్బును కనిపెట్టే కిట్టు తయారు చేయాలంటే, ఆ జబ్బు ఉన్నవారి రక్తం కావాలి. క్రొత్త మందు పనిచేస్తుందో లేదో ముందు చూడాలంటే మనిషి కణాలు కావాలి. జన్యువుల సమాచారం కావాలంటే వేలమంది నెత్తురు కావాలి. ఇవ్వడం తప్పు కాదు. అలా ఇచ్చినవారి వల్లనే మనకు ఎన్నో మందులు వచ్చాయి. అడగకుండా తీసుకోవడము, ఒక పని చెప్పి మరొక పనికి వాడటము, ఇచ్చినవాడికి తెలియకుండా దాని మీద డబ్బు చేసుకోవడము, చిక్కు అంతా ఇక్కడే.

హెన్రియెటా అనే తల్లి కథ

అమెరికాలో హెన్రియెటా లాక్స్ అనే నల్లజాతి స్త్రీ ఉండేది. పొగాకు చేలల్లో పని చేసిన కుటుంబం. ఐదుగురు బిడ్డల తల్లి. 1951లో గర్భాశయ ముఖద్వారానికి క్యాన్సర్ వచ్చి బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో చేరింది. ఆ రోజుల్లో పేద నల్లవారికి వైద్యం చేసే పెద్ద ఆసుపత్రులు తక్కువ. వైద్యం చేస్తూ డాక్టరు ఆమె గడ్డ నుండి చిన్న ముక్క తీసి పరిశోధనశాలకు పంపారు. ఆమెను అడగలేదు, ఆమెకు చెప్పలేదు. అది ఆనాటి అలవాటు, ఎవరికీ తప్పుగా తోచలేదు.

అక్కడ జార్జ్ గై అనే శాస్త్రవేత్త ఎన్నో ఏళ్ళుగా మనిషి కణాలను సీసాలలో బ్రతికించాలని పాటుపడుతున్నాడు. అన్నీ కొద్దిరోజులకే చచ్చిపోయేవి. హెన్రియెటా కణాలు మాత్రం చావలేదు. ఒక రోజుకు రెట్టింపు అవుతూ పోయాయి. ఆమె పేరులోని మొదటి అక్షరాలు కలిపి వాటికి 'హీలా' అని పేరు పెట్టారు. ఆ తల్లి మాత్రం అదే సంవత్సరం అక్టోబరు 4న, 31 ఏళ్ళకే కన్ను మూసింది.

పోలియో టీకాను పరీక్షించడానికి ఆ కణాలే వాడారు. నేను మీ పిల్లలకు వేసే పోలియో టీకా వెనుక ఆమె ఉన్నదన్నమాట. గై వాటిని అమ్ముకోలేదు, అడిగిన శాస్త్రవేత్తలకు ఉచితంగా పంపాడు. ఆయన గురించి ఇది కూడా చెప్పాలి. తరువాత కంపెనీలు పెంచి అమ్మడం మొదలుపెట్టాయి. కుటుంబానికి ఈ సంగతి ఏమీ తెలియదు. 1970ల మొదట్లో పరిశోధకులు ఆమె పిల్లల రక్తం కావాలని వచ్చినప్పుడు, అమ్మకు వచ్చిన క్యాన్సర్ మాకూ ఉన్నదేమో చూస్తున్నారు కాబోలు అనుకుని వారు చేతులు చాపారు. ఫలితం చెబుతారని ఎదురు చూశారు. చెప్పేవారు ఎవరు? అది వారికోసం చేసిన పరీక్షే కాదు.

అప్పటికి 20 ఏళ్ళకు పైగా వారి తల్లి కణాలు దేశదేశాలు తిరుగుతున్నాయి. ఆ కుటుంబంలో కొందరికి తమ వైద్యానికే ఇన్సూరెన్సు లేదు. 2013లో ఆ కణాల జన్యుపటాన్ని కొందరు శాస్త్రవేత్తలు కుటుంబాన్ని అడగకుండానే ప్రకటించారు. గొడవ అయ్యాక అమెరికా ప్రభుత్వ పరిశోధనా సంస్థ కుటుంబంతో ఒప్పందం చేసుకున్నది. ఎవరికి ఆ సమాచారం ఇవ్వాలో నిర్ణయించే కమిటీలో కుటుంబ సభ్యులకు చోటు ఇచ్చారు. 2021లో ఆమె చనిపోయిన 70వ ఏటి దినాన థర్మో ఫిషర్ అనే కంపెనీ మీద కుటుంబం దావా వేసింది. 2023 ఆగస్టులో రాజీ కుదిరింది. ఎంతకు కుదిరిందో బయట పెట్టలేదు.

కోర్టు ఏమన్నది?

రెండవది జాన్ మూర్ అనే ఆయన కేసు. చట్టం చదువుకునే పిల్లలందరికీ ఈ కేసు చెబుతారట. ఈయనకు 1976లో ఒక అరుదైన రక్త క్యాన్సర్ వచ్చింది. లాస్ ఏంజెలెస్‌లోని యూనివర్సిటీ ఆసుపత్రిలో డాక్టర్ డేవిడ్ గోల్డ్ ఈయన ప్లీహాన్ని ఆపరేషన్ చేసి తీయించారు. అది అవసరమైన వైద్యమే, మూర్ బాగుపడ్డాడు కూడా. ఆ తరువాత ఏడేళ్ళపాటు డాక్టరు గారు రమ్మన్నప్పుడల్లా సియాటిల్ నుండి అంత దూరం వచ్చి రక్తం, చర్మం, ఎముక మజ్జ ఇచ్చి వెళ్ళాడు. తన ఆరోగ్యం కోసమే అనుకున్నాడు పాపం.

1983లో ఒక ఫారం చేతికి ఇచ్చారు. నా కణాల నుండి తయారయ్యే వాటిమీద నాకు ఏ హక్కూ లేదు అని అందులో ఉన్నది. మూర్‌కు అనుమానం వచ్చి 'ఒప్పుకోను' అన్న చోట సున్న చుట్టాడు. లాయరు వెదికితే తేలిందేమంటే, మూర్ కణాల మీద అప్పటికే పేటెంటుకు దరఖాస్తు పెట్టి ఉన్నారు. 1984లో ఆ పేటెంటు వచ్చింది. ఒక కంపెనీ డాక్టరుకు 75,000 షేర్లు, ఆయనకు యూనివర్సిటీకి కలిపి 3 లక్షల 30 వేల డాలర్లు ఇవ్వడానికి ఒప్పందం కూడా ఉన్నది.

1990లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు రెండు మాటలు చెప్పింది. ఒకటి, శరీరం నుండి తీసేసిన కణాలు మూర్ ఆస్తి అని చెప్పి లాభంలో వాటా అడగడానికి వీలులేదు. అలా ఒప్పుకుంటే ప్రతి పరిశోధకుడూ కోర్టులకు భయపడి పని మానుకుంటాడు. రెండు, వైద్యం చేసే డాక్టరుకు రోగి శరీరం మీద డబ్బు సంబంధమైన స్వార్థం ఉంటే ఆ సంగతి ముందుగా చెప్పి తీరాలి. చెప్పకుండా తీసుకున్న సమ్మతి సమ్మతి కాదు, దాని మీద దావా వేయవచ్చు.

నాకు ఈ తీర్పులో సగమే మింగుడుపడింది. ఆ బల్ల మీదనే కూర్చున్న స్టాన్లీ మాస్క్ అనే న్యాయమూర్తి కూడా ఒప్పుకోక వేరే తీర్పు వ్రాశారు. డాక్టరుకు, యూనివర్సిటీకి, కంపెనీకి అందరికీ ఆ కణాలు సొత్తు అయినప్పుడు, అవి ఎవరి ఒంట్లో పుట్టాయో ఆ ఒక్కడికే కాకుండా పోయాయా? ఈ ప్రశ్నకు నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు. అయితే కోర్టు చెప్పిన రెండవ మాట మాత్రం ప్రతి నర్సూ గోడమీద వ్రాసుకోవలసినది.

ఆ రెండో సీసా

ఇప్పుడు ల్యాబ్ కిటికీ దగ్గర నాకు నవ్వు ఎందుకు రాలేదో చెబుతాను. 1990లలో నేను వేరే ఊరిలో, ఒక ఆసుపత్రిలో వార్డు నర్సుగా ఉండేదాన్ని. పచ్చకామెర్ల రోగులలో హెపటైటిస్-బి ఉన్నవారి దగ్గర పరీక్షకు కావలసిన రక్తంతోపాటు ఇంకొక సీసా నిండా తీయమని మాకు చెప్పేవారు. వారానికి ఒకరోజు ఒకాయన ఐసు డబ్బాతో వచ్చి ఆ సీసాలు తీసుకుని వెళ్ళేవాడు. కిట్ల తయారీకని మాలో మేము అనుకునేవాళ్ళం. క్రొత్త సంవత్సరానికి మా అందరికీ డైరీలు, పెన్నులు, ఒక్కొక్క స్టీలు టిఫిన్ డబ్బా వచ్చాయి. డాక్టరు చెప్పారు, మేము తీశాం. ఎందుకని అడగాలన్న ఆలోచనే రాలేదు.

ఒక కూలిపని చేసుకునే ఆమె, మనిషి బాగా నీరసించి ఉన్నది, నన్ను అడిగింది: "ఆ రెండో సీసా దేనికమ్మా?" నేను, "పరీక్షకేలేమ్మా" అన్నాను. ఆమె నమ్మి చెయ్యి చాపింది. రోగులు నర్సు మాటను అలా నమ్ముతారు. ఆ టిఫిన్ డబ్బా చాలా ఏళ్ళు మా ఇంట్లోనే ఉన్నది. తరువాత జాన్ మూర్ సంగతి ఒక ట్రైనింగులో విన్నప్పుడు, ఆయన చెయ్యి చాపిన చోట నాకు ఆమె చెయ్యే కనబడింది.

బైబిలులో 2వ సమూయేలు 23వ అధ్యాయములో దావీదు రాజు బేత్లెహేము బావి నీళ్ళు త్రాగాలని ఆశపడిన సంగతి మీకు తెలుసు. ముగ్గురు మనుష్యులు ప్రాణాలకు తెగించి తెచ్చారు. దావీదు ఆ నీళ్ళు త్రాగలేక దేవుని ఎదుట పారబోశాడు. అవి వారి రక్తంతో సమానమని అతనికి తోచింది. అతను నీళ్ళనే అంత జాగ్రత్తగా చూశాడు. మేము నిజమైన రక్తాన్నే లెక్కలేకుండా ఇచ్చేశాం.

ఒక మనిషి సంగతే కాదు

ఒక్కొక్కసారి ఒక మనిషి రక్తం ఒక కులానికో, ఊరికో, తెగకో సంబంధించిన రహస్యం చెబుతుంది. మన ఆపరేషన్ థియేటర్ సిస్టర్లకు ఇది బాగా తెలుసు. ఆర్యవైశ్య కుటుంబాలలో కొందరికి మత్తు ఇచ్చేటప్పుడు వాడే స్కోలిన్ అనే మందు త్వరగా విరగదు, ఊపిరి తిరిగి రావడానికి చాలాసేపు పడుతుంది. రక్తంలో ఒక ఎంజైము తక్కువగా ఉండడమే కారణం. ఈ సంగతి తెలిసినందువల్ల ఎందరో క్షేమంగా ఉన్నారు. అంటే ఒక సమాజం గురించి జన్యు సమాచారం సేకరించడం మేలే. కాని ఆ సమాచారమే ఇన్సూరెన్సు కంపెనీ చేతిలోనో, పెళ్ళి సంబంధం చూసేవారి చేతిలోనో పడితే?

అమెరికాలో గ్రాండ్ కాన్యన్ లోయలో ఉండే హవసుపాయి అనే చిన్న గిరిజన తెగవారికి అలాంటి అనుభవమే జరిగింది. వారిలో షుగరు జబ్బు ఎక్కువ. 1990 నుండి అరిజోనా స్టేట్ యూనివర్సిటీవారు షుగరు సంగతి చూస్తామని చెప్పి రక్తం తీసుకున్నారు. ఆ రక్తంతోనే మానసిక జబ్బుల మీద, మేనరికాల మీద, వారి పూర్వీకులు ఎక్కడ నుండి వచ్చారన్న దాని మీద కూడా పరిశోధనలు చేశారు. 2003లో ఆ తెగ అమ్మాయి ఒకామె యూనివర్సిటీలో ఒక ఉపన్యాసానికి వెళ్ళి, తమవాళ్ళ రక్తం గురించే చెబుతున్నారని గ్రహించింది. 2010లో యూనివర్సిటీ 41 మందికి 7 లక్షల డాలర్లు ఇచ్చి, మిగిలిన రక్తాన్ని వారికి తిరిగి అప్పగించింది. వారికి డబ్బుకంటే ఆ తిరిగి రావడమే ముఖ్యమైంది. చనిపోయినవారి రక్తం కూడా అందులో ఉన్నది గదా.

మన దేశంలో ఏమున్నది?

రక్తం అమ్మడం మన దగ్గర మాన్పించింది సుప్రీం కోర్టు. 1996 జనవరిలో ఇచ్చిన తీర్పువల్ల డబ్బుకు రక్తం ఇచ్చే పద్ధతి 1998 నుండి ఆగిపోయింది. అవయవాల కొనుగోలు, అమ్మకం 1994 చట్టం ప్రకారం నేరం. మన ఆంధ్రప్రదేశ్‌లో 1995లో దీనికి వేరే చట్టమే చేశారు. కేంద్ర చట్టానికి 2011లో జరిగిన సవరణ వలన కణజాలం కూడా అందులో చేరింది, రక్తం మాత్రం చేరలేదు.

కాని పరీక్షకు, పరిశోధనకు తీసిన శాంపిల్ ఎవరి సొత్తు అని చెప్పే ప్రత్యేక చట్టమంటూ లేదు. ఉన్నది భారత వైద్య పరిశోధనా మండలి వారి మార్గదర్శకాలు. 2000లో వచ్చాయి, 2006లో, 2017లో మార్చారు. 2017 వాటిలో ఒక మంచి మాట ఉన్నది. శాంపిల్ ఇచ్చిన మనిషే దానికి యజమాని. దాచిన సంస్థ కేవలం ధర్మకర్త. మనసు మారితే వెనక్కు తీసుకోవచ్చు. వ్యాపార లాభం వచ్చే అవకాశం ఉంటే ఆ సంగతి ముందే చెప్పాలి, లాభం ఇచ్చినవారికి గాని వారి సమాజానికి గాని కొంత అందే ఏర్పాటు చూడాలి. కాలిఫోర్నియా కోర్టుకంటే మనవాళ్ళే రోగి ప్రక్కన నిలబడ్డారని చదివి సంతోషించాను. వైద్య పరిశోధనలు ఈ మార్గదర్శకాల ప్రకారమే జరగాలని, ఎథిక్స్ కమిటీలు రిజిస్టరు కావాలని 2019 నాటి క్రొత్త మందుల నిబంధనలలో పెట్టారు.

దీనిలో ఒక సందు ఉన్నది, దాచకుండా చెప్పాలి. పరీక్ష అయిపోగా మిగిలిన రక్తాన్ని, పేరు, నంబరు తీసేసి ఎవరిదో గుర్తుపట్టకుండా చేస్తే, రోగిని అడగకుండానే పరిశోధనకు వాడుకోవడానికి ఎథిక్స్ కమిటీ అనుమతి ఇవ్వవచ్చు. ఇంకొకటి, 2016 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వం ల్యాబులు, పరిశోధనా కంపెనీలు వ్యాపార పనికి మనిషి శాంపిల్స్‌ను విదేశాలకు పంపడానికి ముందస్తు అనుమతి అక్కరలేకుండా చేసింది. నియమాలన్నీ పాటిస్తున్నాం అని కంపెనీ వ్రాసి ఇస్తే చాలు. వ్యాపారం సులువు కావాలంటే ఇలాంటివి కావాలంటారు. కావచ్చు. కాని వ్రాసి ఇచ్చిన కాగితాన్ని ఎవరు చదువుతారో నాకు తెలియదు.

బొడ్డుతాడు రక్తం గురించి

ఇది గర్భిణీ స్త్రీలు నన్ను తరచుగా అడిగేది. కాన్పు అయిన వెంటనే బొడ్డుతాడులోని రక్తం తీసి దాస్తాము, రేపు బిడ్డకు ఏ జబ్బు వచ్చినా పనికివస్తుంది అని కంపెనీలవారు చెబుతారు. వేలకు వేలు ఖర్చు. ఇక్కడ వ్యాపారం తలక్రిందులుగా ఉంటుంది. శాంపిల్ మీదే, డబ్బు కట్టేదీ మీరే. బిడ్డకు పుట్టుకతో జన్యుదోషం ఉంటే అదే దోషం ఆ రక్తంలోనూ ఉంటుంది, కాబట్టి దానితో ఆ జబ్బు నయం కాదు. సొంతానికని ప్రైవేటుగా దాచుకోవడాన్ని భారత వైద్య పరిశోధనా మండలి కూడా ప్రోత్సహించడం లేదు. ఇంట్లో మరొక బిడ్డకు తలసీమియా వంటి జబ్బు ఉండి, డాక్టరు సలహా ఇస్తే అది వేరు.

సిస్టర్లకు ఒక మాట. ఎక్కువ రక్తం దొరుకుతుందని బొడ్డుతాడు త్వరగా బిగించవద్దు. కనీసం ఒక నిమిషం ఆగాలి. ఆ రక్తం ముందు బిడ్డకు చెందినది. రిప్రజెంటేటివ్ ఇచ్చే కానుకలు లేబర్ రూములోకి రాకూడదని మనకు నియమం ఉన్నది, అందులో డైరీలు కూడా వస్తాయి.

ఎవరైనా అడిగితే

ఎవరైనా పరిశోధనకు మీ రక్తం, ఉమ్మి, మాయ, ఆపరేషన్ ముక్క కావాలంటే భయపడి పారిపోనక్కరలేదు. ఇది నా వైద్యానికా, వేరే పనికా అని మొదట అడగండి. వేరే పనికైతే ఏ పనికి, ఎంతకాలం దాస్తారు, నా పేరు దాని మీద ఉంటుందా, కంపెనీకి ఇస్తారా, దేశం దాటిస్తారా అని అడగండి. ఏదైనా పెద్ద జబ్బు బయటపడితే నాకు చెబుతారా అన్నది కూడా ముఖ్యం. హెన్రియెటా పిల్లలు ఈ ప్రశ్న అడగలేకపోయారు. ఇవ్వను అన్నంత మాత్రాన మీ వైద్యం ఆగకూడదు, మందులు తగ్గకూడదు. ఎవరైనా అలా బెదిరిస్తే నాకు చెప్పండి.

వేలిముద్ర వేసేవారి సంగతి ప్రత్యేకంగా చెబుతున్నాను. ఫారం మొత్తం వారి భాషలో చదివి వినిపించాలి. చదివేటప్పుడు ఆ పరిశోధనతో సంబంధం లేని ఒక సాక్షి మొదటి నుండి చివరివరకు ప్రక్కనే ఉండాలి, ఆయన కూడా సంతకం పెట్టాలి. వార్డు ఆయాను పిలిచి, ఇక్కడ ఒక సంతకం పెట్టు అనడం సాక్ష్యం కాదు. గత సంవత్సరం రెండు ఫారాలు నేను ఈ కారణంతోనే త్రిప్పి పంపాను, డాక్టరు గారికి కొంచెం కోపం వచ్చింది. తరువాత ఆయనే వచ్చి మళ్ళీ చదివి వినిపించారు. ఇద్దరిలో ఒకామె ఇచ్చింది, ఒకామె ఇవ్వనన్నది. ఇద్దరికీ అదే రోజు అవే మందులు ఇచ్చాం.

ఎక్కడైనా సరే, మీ చేతికి ఇచ్చిన ఫారం అర్థం కాకపోతే సంతకం పెట్టకుండా ఇంటికి తీసుకుని రండి. ఆదివారం తప్ప ప్రతి మధ్యాహ్నం 2 గంటల నుండి 4 వరకు నర్సింగ్ ఆఫీసులో ఉంటాను. చదివి చెబుతాను. మొన్న ల్యాబ్ దగ్గర అడిగిన పెద్దాయన ఇప్పటికే ఒకసారి వచ్చారు, వాళ్ళ కోడలి ఫారం పట్టుకుని.